కొలిమి గ్రౌండులో కమ్మీ దగ్గర నా చోటు

నా తర్వాత నా వాళ్ళు, ఈ వీలునామా అమలు చేసేవారు, అవసరం పడితే కోర్టువారు చదువుకోవడానికి దీన్ని నా చేత్తో నేనే రాస్తున్నాను.

నా వయసు డెబ్బై రెండు. పేపరు విలేకరిగా పనిచేసి రిటైరయ్యాను. రాసిందంతా దాదాపు ఫుట్‌బాల్ గురించే. పుట్టింది ఏటికి ఎగువన, ఇనుము పోత పోసే ఊళ్ళో. అక్కడి కొలిమి జట్టు గ్రౌండు చూసుకునే ఆయనకు పెద్దకూతుర్ని. మెట్టింది ఏరు సముద్రంలో కలిసే ఈ నగరంలో. ఇక్కడి రేవు జట్టుకు మాలిష్ చేసే ఆయన భార్యని. ఆయన లేరు.

నా మతి సరిగ్గానే ఉంది. అనుమానమున్నవారి కోసం డాక్టరు గారి కాగితం జతచేశాను. పాడయింది ఊపిరితిత్తులు. మంచం నుంచి వంటగదికి నడిస్తే ఒకసారి కూర్చోవాలి. ఈ కాగితం రాయడంలో నా మీద ఎవరి బలవంతమూ లేదు. బతిమాలినవాళ్ళు ఉన్నారు. ఆ తేడా నాకు తెలుసు. ఇంతకు ముందు నేను వీలునామా ఏదీ రాయలేదు.

ముసాయిదా చూసి ప్లీడరు గారు, "ఎవరికేమిటో రాస్తే చాలమ్మా, ఎందుకో రాయనక్కర్లేదు" అన్నారు. ఎందుకో రాయకపోతే మా ఇంట్లో కొట్లాటకి కోర్టు కూడా అక్కర్లేదు. అందుకని రెండూ రాస్తున్నాను.

1. ఈ వీలునామా అమలు బాధ్యత మా వీధి మందుల షాపు ఆవిడకు అప్పగిస్తున్నాను. ఆవిడ ఒప్పుకున్నారు. ఆవిడను ఎంచుకోవడానికి కారణం నిజాయితీ ఒక్కటే కాదు. నాకు తెలిసినవాళ్ళలో ఆఫ్‌సైడంటే ఏమిటో తెలియని మనిషి, తెలుసుకోవాలన్న కోరిక కూడా లేని మనిషి ఆవిడొక్కరే. నా బంధువుల్లో ఎవరైనా ఆవిడకు ఆట గురించి వివరించబోతే, ఆవిడ వినకుండా ఉండవచ్చు.

2. నేను పోయాక నా మీద ఏ జట్టు జెండా కప్పరాదు. తెల్లదుప్పటి చాలు.

ఇది రాయాల్సి వస్తుందని అనుకోలేదు. కిందటి నెల కొలిమి ఊళ్ళో ఉండే తమ్ముడు ఫోన్లో ఉన్నట్టుండి, "అక్కా, క్లబ్బు ఎర్రజెండా ఉతికించి ఇస్త్రీ చేయించా" అన్నాడు. దేనికిరా అంటే, "ఊరికే. మురికిగా ఉంటేనూ" అన్నాడు. అదే వారంలో మా అబ్బాయి బీరువా సర్దుతూ, వాళ్ళ నాన్న మీద కప్పిన రేవు నీలంజెండా తీసి దులిపి, మళ్ళీ పైఅరలోనే, చేతికందేట్టు పెట్టాడు. నేను చూడలేదనుకున్నాడు. ఇద్దరూ మంచివాళ్ళే. ఇద్దరికీ తొందరే.

ప్రెస్ బాక్సులో మాకో నియమం ఉండేది. రంగు కట్టకూడదు, చప్పట్లు కొట్టకూడదు. గోలు పడ్డప్పుడు చేతులు బల్ల మీదే ఉండాలి. కొత్తగా వచ్చినవాళ్ళకి అది శిక్షలా ఉండేది. నాకది పెద్ద వరం. రేవుకీ కొలిమికీ ఆట పడ్డ రోజు నా రెండు చేతులూ బల్ల మీద పెట్టుకోమని ఎవరో ఒకరు ఆర్డరు వేయడం కన్నా నాకు కావలసిందేముంది? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. రాసుకోవడానికి పెన్సిలుంటే ఆ రెండిటి మధ్యా ఎంతకాలమైనా బతకొచ్చు. ఆ నియమం నేను పోయేరోజున కూడా పాటిస్తాను.

3. నేనుంటున్న ఈ మూడో అంతస్తు వాటా, అందులోని సామాను, బ్యాంకులో ఉన్నది మొత్తం నా ఒక్కగానొక్క కొడుక్కి సర్వహక్కులతో చెందాలి. దీని గురించి రాయడానికేమీ లేదు. వంటగది కిటికీ వానాకాలంలో బిగుసుకుంటుంది. కింద నుంచి కాదు, పక్క నుంచి నెట్టాలి.

4. రేవు స్టేడియంలో పడమటి స్టాండులో పక్కపక్కనే ఉన్న రెండు కుర్చీలు. అన్నేళ్ళు పనిచేసినందుకు క్లబ్బువాళ్ళు మావారికిచ్చినవి. వాటిలో నేను ఎప్పుడూ కూర్చోలేదు. నా చోటు పైన అద్దాల గదిలో. ఒకదానిలో మా అబ్బాయి చిన్నప్పటి నుంచీ కూర్చుంటున్నాడు. అది వాడికే. రెండోది, మావారిది, నా కోడలికి. వాడి స్నేహితుడెవరికో ఇద్దామని మా అబ్బాయి ఆలోచన. కాదు. ఆట చూసి వచ్చాక ఏం జరిగిందని అడిగితే వాడు రిఫరీని తిడతాడు. ఆ అమ్మాయి ఏం జరిగిందో చెబుతుంది.

మావారు కూడా అలాగే చెప్పేవారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆడమనిషిని ఆటగాళ్ళ గదిలోకి రానిచ్చేవారు కాదు. తలుపు బయట గోడకానుకుని నిలబడేదాన్ని. మాలిష్ చేసే మనిషి చేతులకంటిన నూనె తుడుచుకుంటూ బయటికొచ్చి, ఎటో చూస్తూ, "మోకాలు. నెల పడుతుంది" అని వెళ్ళిపోయేవాడు. ఒక్క మాట ఎక్కువ ఉండేది కాదు, ఒక్కసారీ తప్పేది కాదు. రెండు సీజన్లు అలా గడిచాక ఒకరోజు అదే గొంతుతో, "పెళ్ళి. మీకిష్టమైతే" అన్నాడు. నేను కొలిమి మనిషినని ఆయనకు తెలుసు. నీలంరంగు చీర కట్టుకోమని నన్ను ఏనాడూ అడగలేదు. ఎర్రచీర కొనిపెట్టనూ లేదు. నా చీరలన్నీ బూడిదరంగువే. కోడలు కావలసినవి తీసుకోవచ్చు.

5. నా బైనాక్యులర్లు, స్టాప్‌వాచీ మా తమ్ముడి కూతురికి, అంటే నా మేనకోడలికి. అది ఊళ్ళో బడిలో ఆటల టీచరు. సాయంత్రాలు కొలిమి ఆడపిల్లల జట్టుకు ఆట నేర్పుతుంది.

అవి గాక, మా అమ్మవి నా చేతికున్న రెండు బంగారు గాజులు కూడా దానికే. వేసుకోవడానికి కాదు. కొలిమి ఆడపిల్లలు ఈ రోజుకీ వలలు, బకెట్లు పడేసే రేకుల షెడ్డులో బట్టలు మార్చుకుంటున్నారు. తలుపుకి గడియ లేదు. ఒకరు మార్చుకుంటుంటే ఇంకొకరు బయట వీపు ఆనించి నిలబడతారు. గాజులు అమ్మి వాళ్ళకొక గది కట్టించాలి. గది ఎంతుండాలో అది మేనకోడలి ఇష్టం. గడియ మాత్రం లోపలి వైపు ఉండాలి. అమ్మ గాజులు అమ్ముతారా అని ఎవరైనా అంటే, ఆ అమ్మ పెళ్ళయినప్పటి నుంచీ ఆ గ్రౌండు పక్కనే కాపురం చేసిందని, ఆమెక్కూడా అక్కడ గడియున్న గది ఒక్కటీ లేకపోయిందని చెప్పండి.

6. నల్లపిడి గొడుగు పోటీ పేపరు విలేకరికి. ఆయనింకా ఉన్నాడు, పై వీధిలోనే. నేను రేవు ఓడిందని రాసిన ప్రతిసారీ ఆయన తన పేపర్లో "పుట్టింటి కళ్ళతో చూస్తే అలాగే కనిపిస్తుంది" అని ఒక చురక వేసేవాడు. రేవు గెలిచిందని రాసినప్పుడల్లా మా ఊరి నుంచి ఉత్తరాలొచ్చేవి, రేవు ఉప్పు తిన్న పెన్ను అని. రెండు వైపులా తిడుతున్నారంటే లెక్క సరిపోయిందని మా సబ్ ఎడిటర్ అనేవాడు. గొడుగు ఎందుకంటే, ఒక ఫైనల్ రోజు ఆయన నా గొడుగు పట్టుకెళ్ళి, తనదేనని ఇప్పటికీ వాదిస్తున్నాడు. ఇప్పుడు రెండూ ఆయనవే. వాదన ముగిసింది.

7. మా నాన్న సున్నం బండి. ఒంటి చక్రం, ముందు డబ్బా. గీతలు గీసేది. నాన్న పోయాక పాతసామాన్లవాడికి వేయబోతుంటే తెచ్చుకున్నాను. బాల్కనీలో ఉంది. దాన్నిప్పుడు కొలిమి గ్రౌండు చూస్తున్న మనిషికి ఇవ్వాలి. చక్రం కొద్దిగా ఎడమకి లాగుతుంది. తాడు కట్టి గీస్తే లాగదు. నాన్న చివరిదాకా తాడు కట్టే గీశాడు, కళ్ళు బాగున్న రోజుల్లో కూడా.

8. ఇక కమ్మీ చోటు. నాకు ఈ కాగితం రాయాల్సిన పని పడిందే దీని కోసం. అందరూ మొదట దీన్నే వెతుక్కుంటారని తెలుసు కాబట్టి ఇంత దూరం తెచ్చాను.

అమలుచేసే ఆవిడకు ఇదంతా కొత్త. కాబట్టి మొదటి నుంచీ చెబుతాను. కొలిమి గ్రౌండులో ఉత్తరం వైపు గోలు వెనక ఒక ఇనుప కమ్మీ ఉంది. క్లబ్బు పెట్టినప్పుడు పోత కార్ఖానా పనివాళ్ళు తలో ముక్కా పోసి కలిపింది. ముక్క పోసిన ప్రతి కుటుంబానికీ ఆ కమ్మీ దగ్గర ఒక చోటు. చోటుకి ఒక ఓటు. చోటు అమ్మకూడదు, పంచకూడదు, బతికుండగా మార్చకూడదు. పోయినవారు ఎవరి పేరు రాసిపోతే వారిది. రాయకపోతే క్లబ్బుది. క్లబ్బు సమావేశం హాల్లో జరగదు. గ్రౌండులోనే, ఎవరి చోట్లో వారు నిలబడి, చేయెత్తుతారు. మనిషి వచ్చి నిలబడితేనే ఓటు. కాగితం మీద పంపితే చెల్లదు, ఒకరి బదులు ఇంకొకరు ఎత్తితే చెల్లదు. ఇంకొక క్లబ్బులో సభ్యత్వం ఉన్నవారికి చోటుండదు. జట్టులో ఆడుతున్నవారికీ ఉండదు. ఉంటే తనను తానే జట్టులోకి ఎన్నుకుంటాడని.

ఈ ఆఖరి నియమం వల్లే మా నాన్న పోయేటప్పుడు చోటు నా పేర రాశాడు. అప్పటికి తమ్ముడు కొలిమి గోల్‌కీపరు. ఊళ్ళో వాణ్ణి 'తలుపు' అని పిలిచేవారు. ఇప్పటికీ అంటారు, మోకాలు పోయి ఎన్నేళ్ళయినా. నేను పెళ్ళి చేసుకుని రేవుకి వచ్చేశాక వాడు ఆట మానేశాడు. అప్పటి నుంచీ ప్రతి ఆటకీ నా చోట్లో నా అనుమతితో వాడే నిలబడుతున్నాడు. సమావేశం రోజు మాత్రం పక్కకి జరగాలి. నేను బస్సెక్కి వెళ్ళి చేయెత్తి వచ్చేదాన్ని. "రండి రేవు కోడలు గారూ, మీ కమ్మీ తుడిచిపెట్టా" అనేవాడు వాడు నలుగురిలో. నన్ను గోడ మీద పిల్లి అని కూడా అన్నాడు. దానికి నేను, గోడ మీద కూర్చుంటేనే రెండు పెరళ్ళూ కనిపిస్తాయని చెప్పాను. ఊళ్ళోవాళ్ళు ఈ మాటలకి అలవాటు పడిపోయారు.

వాడి మోకాలి సంగతి ఇక్కడే రాస్తాను. కప్పు పోటీలో రేవుతో ఆడుతుండగా పడ్డాడు. కొలిమికి ఆ రోజుల్లో వైద్యమంటే ఒక బకెట్టు, ఒక స్పాంజి. అవతలి జట్టువాడైనా మావారు పరిగెత్తుకెళ్ళి, కాలు పట్టుకుని కట్టు కట్టారు. ఆ మీదట తమ్ముడు జీవితమంతా, "బావ చేయి పడింది, నా మోకాలు పోయింది" అంటూ వచ్చాడు. అది నిజం కాదు. అంతకు ముందు సీజన్లోనే అది పాడయిందని, వాడు గుడ్డ చుట్టుకుని ఆడుతున్నాడని మా అమ్మకి తెలుసు, నాకు తెలుసు. వాడికీ తెలుసు. అయినా మావారు ఉన్నంతకాలం వాడు ఎప్పుడొచ్చినా, గుమ్మంలోకి రాగానే ప్యాంటు పైకి లాగి మోకాలు చూపించేవాడు. ఆయన నూనె సీసా తెచ్చేవారు.

ఇప్పుడు అసలు విషయం. ఈ సీజను అయ్యాక కొలిమి సమావేశంలో ఒక తీర్మానం ఉంది. కొలిమి క్లబ్బును రేవు క్లబ్బులో కలిపేయాలని. కార్ఖానా మూతపడింది. స్టాండు పైకప్పు కింద ఎవరూ కూర్చోకూడదని మున్సిపాలిటీవాళ్ళు బోర్డు పెట్టారు. వానపడితే దక్షిణం గోలు నీళ్ళలో ఉంటుంది. రేవువాళ్ళు కాలువ తవ్విస్తామంటున్నారు, కొత్త స్టాండు కడతామంటున్నారు. కొలిమిని కుర్రాళ్ళకి శిక్షణ జట్టుగా ఉంచుకుంటారు. ఎరుపు పోయి నీలం వస్తుంది. కమ్మీ తీసేస్తారు, కమ్మీతో పాటు చోట్లూ ఓట్లూ పోతాయి. పేరు బోర్డు మీద కింద, చిన్న అక్షరాల్లో ఉంటుంది.

పాత అలవాటు కొద్దీ చోట్లున్న అందరికీ ఫోన్లు చేశాను. కొందరు వివరంగా చెప్పారు, ఒకాయన తిట్టి చెప్పాడు. నా చోటు వదిలేస్తే రెండు వైపులా సమానం. సమానమైతే అధ్యక్షుడి మాట చెల్లుతుంది. ఆయన కలపాలంటున్నాడు. నేను అక్కడికి వెళ్ళి నిలబడే పరిస్థితిలో లేను. బస్సు కాదు కదా, అంబులెన్సులో కూడా వద్దని డాక్టరు గారు చెప్పారు. కాబట్టి సమావేశం నాటికి నేను బతికుంటే నా చోటు ఖాళీ, క్లబ్బు కలుస్తుంది. నేను పోతే, ఈ కాగితంలో ఎవరి పేరుంటే వారి చేయి తేలుస్తుంది.

నా కొడుకు ఈ చోటు తనకిమ్మని అడిగాడు. రేవు క్లబ్బు ఆఫీసులో ఉద్యోగం వాడిది. ఈ తీర్మానం రాసిపెట్టిందీ వాడే. చోటు కోసం అక్కడి సభ్యత్వం వదులుకుంటానన్నాడు. దాని విలువ నాకు తెలుసు. చిన్నప్పుడు సెలవులన్నీ వాడు ఆ గ్రౌండులోనే గడిపాడు. రేకుల షెడ్డు బయట వీపు ఆనించి నిలబడ్డ ఆడపిల్లను చూసి వచ్చి రెండు రోజులు సరిగ్గా తినలేదు. "పాతదని అలా చావనివ్వడం ప్రేమ కాదమ్మా. మామయ్యకి చెప్పు" అన్నాడు. వాడి మాట తప్పని నేను అనను. నిజానికి నేను వెళ్ళగలిగితే కలపడానికే చేయెత్తుతాను. లెక్కలు చూశాను, స్టాండు చూశాను, నీళ్ళు చూశాను. నా అభిప్రాయం అది. తమ్ముడికి ఈ సంగతి ఫోన్లో చెప్పాను కూడా. వాడు, "అక్కడ వానలెలా ఉన్నాయి?" అని అడిగాడు.

అయినా చోటు నా కొడుక్కి ఇవ్వడం లేదు. మొదటి కారణం చిన్నది. కొనబోయే క్లబ్బులో జీతం తీసుకునేవాడు అమ్మే క్లబ్బులో చేయెత్తకూడదు. ఇంకెవరి కొడుకైనా ఆ పని చేస్తే ఆ వార్త నేనే రాసేదాన్ని.

రెండో కారణం కిందటేడు తెలిసింది. అదే నేను ఊరికి వెళ్ళడం ఆఖరుసారి. ఆట మధ్య విరామంలో గేటు పక్క టీకొట్టు ముసలావిడ దగ్గర కూర్చున్నాను. ఆవిడ గ్లాసులు కడుగుతూ, "నీ తమ్ముడు ఆ రోజు ఎంత గొడవ చేశాడే తల్లీ" అంది. ఏ రోజని అడిగాను. నాకు తెలియదని ఆవిడకి అప్పుడే తెలిసింది.

నా పెళ్ళయిన కొత్తలో రేవు క్లబ్బువాళ్ళు ఉద్యోగుల భార్యల పేర్లు కూడా సభ్యుల జాబితాలో అచ్చువేసేవారు. ఎవరినీ అడిగేవారు కాదు. ఆ జాబితా ఎలాగో కొలిమి అధ్యక్షుడి చేతికి చేరింది. నేను ప్రసవానికి ఆసుపత్రిలో ఉండి వెళ్ళలేకపోయిన సమావేశంలో ఆయన దాన్ని బయటికి తీసి, "ఈమె రేవు సభ్యురాలు. చోటు కొట్టేసి తమ్ముడి పేర రాద్దాం. ఆట ఎలాగూ మానేశాడు" అన్నాడట. ఎవరూ కాదనలేదు. తమ్ముడు నోరు మూసుకుని ఉంటే చాలు, చోటు వాడిదే. జీవితమంతా వాడు కోరుకున్న చోటు.

టీకొట్టావిడ వాడి మాటలు నాకు వాడి గొంతుతోనే వినిపించింది. "వాళ్ళు అచ్చేసుకుంటే మా అక్క వాళ్ళదైపోతుందా? రేపు నీ పేరూ అచ్చేసుకుంటారు, పోతావా? మా అక్క సంతకం చూపించు. అక్క ఆ ఇంటికి కోడలు, ఆ జట్టుక్కాదు. ఆ చోటు మా నాన్న ఆవిడకి రాశాడు. మధ్యలో నువ్వెవడివి, నేనెవణ్ణి?" కుంటికాలితో కమ్మీ మీద నుంచి ఇవతలికి దూకి అధ్యక్షుడి చేతిలో జాబితా లాక్కున్నాడట. ఆ ఏడే కాదు, మరుసటేడు కూడా మళ్ళీ అదే మాటొస్తే మళ్ళీ అదే గొడవ. ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఆ మరుసటేడు సమావేశానికి నేను వెళ్ళాను, చంటిబిడ్డతో, ఆలస్యంగా. గొడవ అప్పటికే అయిపోయింది. వాడు చొక్కా చేతులు మడుచుకుంటూ, "రండి రేవు కోడలు గారూ" అన్నాడు. చెమటలు పడుతున్నాయేంట్రా అంటే ఎండన్నాడు.

వార్తలు ఏరుకోవడమే నా వృత్తి. సొంత తమ్ముడి వార్త నా దాకా రావడానికి నా నెత్తి నెరిసింది. ఊరంతా కలిసి దాచిందంటే, దాచమని చెప్పినవాడు వాడే అయ్యుండాలి.

కాబట్టి కొలిమి గ్రౌండులో ఉత్తరం గోలు వెనక, కమ్మీ దగ్గర, మా నాన్న నుంచి నాకు సంక్రమించిన చోటు, దాని ఓటుతో సహా, నా తదనంతరం నా తమ్ముడికి సర్వహక్కులతో చెందాలి.

షరతులేమీ లేవు. కలపడానికే చేయెత్తాలని ఒక షరతు రాసుకోవచ్చని ప్లీడరు గారు సూచించారు. గోల్‌కీపరుకి ఎటు దూకాలో ముందే రాసిచ్చేవాళ్ళుంటే వాళ్ళు ఆట ఎప్పుడూ చూడలేదన్నమాట. వాడు ఎటు చేయెత్తుతాడో నాకు తెలుసు. నా అభిప్రాయానికి ఎదురుగా. నా కొడుకు రాసిన తీర్మానానికి ఎదురుగా. నేనొప్పుకోను, అయినా ఇస్తున్నాను. నేను ఆ క్లబ్బు గురించి రాశాను. వాడు ఆ క్లబ్బులో నిలబడ్డాడు. చోటు నిలబడినవాడిది.

నా కొడుక్కి ఒక మాట. నువ్వు ఓడిపోవచ్చు. ఓడిపోయాక మామయ్యతో మాట్లాడటం మానేయకు. కాలువ తవ్వించడానికి క్లబ్బులు కలవనక్కర్లేదు. ఇద్దరు మనుషులు కలిస్తే చాలు. నీకు ఆఫీసులో పని చేయించడం వచ్చు, వాడికి గ్రౌండులో నీరు ఎటు పారుతుందో తెలుసు.

9. ఈ వీలునామా మీద ఎవరైనా తగాదా పెడితే వాళ్ళకి నేనిచ్చింది ఇచ్చినట్టే ఉంటుంది. తీసేయను. కానీ మందుల షాపు ఆవిడ వాళ్ళకి ఈ కాగితం మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదివి వినిపించాలి, ఎన్నిసార్లు తగాదా పెడితే అన్నిసార్లు.

10. ఇది ఆస్తి కాదు. ఎవరికీ చెందదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇది తెలిస్తే పై తొమ్మిదీ చదివినవాళ్ళు నా తమ్ముడి గురించి తప్పుగా అనుకోరు.

ఈ చోటు వాడి పేర రాస్తున్నానని వాడికి చెప్పేశాను. సమావేశానికి ముందు నేను పోతే వాడి క్లబ్బు నిలుస్తుంది. ఉంటే పోతుంది. ఈ లెక్క వాడికి నాకన్నా బాగా తెలుసు. మా ఊళ్ళో ప్రతివాడికీ తెలుసు. కొందరు వాడితో సరదాకి అంటున్నారు కూడా, మీ అక్కకి ఎలా ఉందిరా అని కన్నుకొట్టి. అలా అన్న ఒకాయన చొక్కా పట్టుకున్నాడని మేనకోడలు చెప్పింది.

వాడు రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తాడు. పలకరింపు లేదు, ముందూ వెనకా లేదు. "మందులేసుకున్నావా?" అంటాడు. వేసుకున్నానంటే, "ఏవేవి?" అంటాడు. పేర్లు చదవమంటాడు. ఒకటి వదిలేస్తే పట్టుకుంటాడు. సమావేశం దగ్గరపడుతున్న కొద్దీ సాయంత్రం కూడా చేస్తున్నాడు.

ఇవాళ కూడా చేశాడు. వేసుకున్నానని చెప్పాను.

పైన రాసినదంతా నేనే రాసి, నేనే చదువుకుని, నా ఇష్టప్రకారం ఉందని తేల్చుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట నా వంటగది బల్ల దగ్గర సంతకం చేస్తున్నాను.

తేదీ: మార్చి తొమ్మిది, ఆదివారం. రెండు జట్లకీ ఇవాళ ఆట లేదు.

(సంతకం)
రిటైర్డ్ విలేకరి, మూడో అంతస్తు

సాక్షులు:

(సంతకం) పై వాటాలో ఉండే నర్సు. డ్యూటీకి వెళుతూ ఆగి సంతకం పెట్టింది.

(సంతకం) వీధి మలుపులో తాళాలు బాగుచేసే ఆయన. రేవు అభిమాని. సాక్షి సంతకం చూస్తే చాలునని, కాగితంలో ఉన్నది చదవక్కర్లేదని ప్లీడరు గారు చెప్పారు కాబట్టి ఆయనను చదవనివ్వలేదు.